మట్టి బ్రోకరు

"ఆపు! గక్కడ కాదు, గిటు తవ్వుండ్రి!"

ఎండిన చెరువులో ఓ ముసలాయన జేసీబీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

ట్రాక్టర్ మీదున్న మొగిలికి ఒళ్లు మండింది.

అసలే అతని ప్రాణం ఆ మట్టి మీదే ఉంది. నర్సంపేట దగ్గర అతనికున్నది ఒక్క ఎర్రచెలక. ఏటేటా పత్తే. ఏటేటా యూరియా పెరిగింది, పత్తి తగ్గింది. నేల బండబారిపోయింది. వాన పడితే ఇంకదు, జారిపోతుంది.

ఈసారీ పంట పోతే చేను ప్లాట్లు చేసి అమ్ముకునే వెంచరు వాళ్ల పాలే. వాళ్లప్పుడే వచ్చి టేపు పెట్టి కొలుచుకుపోయారు.

ఆఖరి ఆశగా చేనుకు చెరువు మట్టి తోలుకుంటున్నాడు మొగిలి.

"ఎవలు నువ్వు?"

"అవతలి ఊరు. కుమారస్వామి అంటరు. కట్ట కింద మొత్తం గులకరాళ్లే కొడుకా. గీ పక్క తవ్వుకో. నల్లగ, వెన్నోలె ఉంటది."

"నీ కమీషన్ ఎంతేంది?"

ముసలాయన నవ్వాడు. "కమీషన్ లేదు, ఏం లేదు. జర జల్ది తోలుకో. ఇటుక బట్టీలోల్లు చూసి పోయిండ్రు."

"సర్కారు చెరువు. నడుమ నీ పెత్తనమేంది?"

ముసలాయన తాను చూపిన పక్కకు నడిచాడు. మూలకు పాతి ఉన్న రాయిని గడ్డపారతో పెకిలించి భుజానికెత్తుకున్నాడు.

"బండి టైరుకు తగుల్తది," అన్నాడు.

దాన్ని కట్ట మీదికి మోసుకెళ్లి, దాని మీదే కూర్చున్నాడు. జేసీబీ మొదటి బకెట్ మట్టి లేపగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

దుమ్ముకేమో అనుకున్నాడు మొగిలి.

మధ్యాహ్నం బట్టీ వాళ్ల టిప్పర్ వచ్చింది. ముసలాయన దానికి ఎదురెళ్లి చేతులూపుతూ ఏదో గొడవ పడ్డాడు. టిప్పర్ ఖాళీగా వెనక్కి తిరిగింది.

"బేరం కుదరనట్టున్నది బ్రోకరుకు!" అన్నాడు మొగిలి. జేసీబీ డ్రైవర్ పగలబడి నవ్వాడు.

ఆఖరి ట్రిప్పు కదులుతుంటే ముసలాయన ట్రాక్టర్ పక్కకొచ్చాడు.

"ఒక్క మాట కొడుకా. గీ మట్టిని యూరియాతోని కాల్చకు. పత్తి నడుమ కంది పెట్టు. ఆకు రాలితె భూమికి తిండి."

"మట్టి చూపిచ్చినవు, ఇగ ఎవుసం గూడ నేర్పుతవా? నడువ్, బ్రోకరు తాతా!"

ముసలాయన కూడా నవ్వాడు.

ఇంట్లో ఈ ముచ్చట చెబితే మొగిలి భార్య సోమక్క మాత్రం నవ్వలేదు.

"కంది పెడితె నీ సొమ్మేం పోతదయ్యా? పెట్టు."

పెట్టాడు.

తొలివాన పడింది. నీళ్లు జారలేదు. దప్పికైనట్టు తాగింది నేల.

కలుపు తీస్తున్న సోమక్క ఉన్నట్టుండి కేకేసింది. మొగిలి పామేమోనని పరుగెత్తాడు.

ఆమె అరచేతిలో ఒక వానపాము.

"వీన్ని చూసి ఎన్నేండ్లయిందయ్యా!" ఆమె కళ్లు తడిశాయి.

పత్తి విరగకాసింది. వెంచరు మనిషి మళ్లీ వచ్చాడు. చేను వైపు చూశాడు.

"అమ్ముతలేనన్నా, పో," అన్నాడు మొగిలి. ఆ మాట అంటుంటే ఛాతీ ఉప్పొంగింది.

కంది కొట్టిన రోజే సోమక్క ఓ సంచి నింపింది.

"ఆ తాతకిచ్చి, కాళ్లు మొక్కి రా."

అవతలి ఊళ్లో కుమారస్వామి ఇల్లు అడుగుతూ వెళ్లాడు మొగిలి. చెరువు వెనకే ఉంది ఇల్లు. గడప పక్కన అదే రాయి. దాని మీద ఓ ముసలమ్మ. ఆయన భార్య, సమ్మమ్మ.

"దసరా ముంగటనే పోయిండు కొడుకా."

మొగిలి సంచి దించి, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"నేను బ్రోకరని ఎక్కిరించిన అవ్వా..."

"ఎరుకే. నాకు చెప్పి చెప్పి నవ్విండు."

"మట్టి అంత మంచిగ ఎట్ల ఎరుక తాతకు? ఏం పని చేసేటోడు?"

"ఏం చేస్తడు, ఎవుసమే. బట్టీలోల్లు ఎంత ఆశ పెట్టినా, కాల్చెటోల్లకు ఇయ్యనన్నడు."

"ఏమియ్యనన్నడు? మీ పొలం ఏడున్నదవ్వా?"

సమ్మమ్మ లేచి, ఎదురుగా నిండుగా ఉన్న చెరువులో అతను మట్టి తవ్విన చోటికే చెయ్యి చాపింది.

"అగో, ఆ నీళ్ల కింద... కట్ట ఎత్తు పెంచితె పొలం మునిగింది గని, మట్టి నీ చేన్లనే సల్లగున్నది కొడుకా."