చెట్టు కల్లు

కౌంటరు కంతలోంచి వచ్చిన రెండో సీసా సిద్దిరాములు చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడకు తగిలి పగిలింది.

"గిది కల్లా సేటూ, కుడితా?" హన్మాండ్లు కౌంటరు ముందున్న ఇనుప జాలీని రెండు చేతులా పట్టుకుని ఊపుతున్నాడు. చెరుకు లారీలు నింపే మనిషి. జాలీ గోడలోంచి ఊడివచ్చేలా ఉంది. "రెండు దినాల సంది నీళ్లే పోస్తున్నవ్. ఏడు సీసలు తాగిన. నిషా లేదు, నిద్ర లేదు. పానం గుంజుతుంది."

"మాల్ రాలేదు హన్మాండ్లూ. రేపు వస్తది. జర ఓపిక పట్టు."

"రేపటిదాక మేము ఉంటే గదా!" వెనకనుంచి ఒకడు అరిచాడు. "మా పీనుగులకు పోస్తవా రేపు?"

మాల్ అంటే ఏమిటో అక్కడున్న నలభై మందికీ తెలుసు. తెల్లటి మత్తు పొడి. అది కలిస్తేనే దుకాణం కల్లుకు నిషా. అది మహారాష్ట్ర నుంచి రావాలి. సరిహద్దులోని సాలూర చెక్‌పోస్టు దగ్గర ఆబ్కారీ జీపు రెండు రోజులుగా కదలడం లేదు. సిద్దిరాములు తన రెండు దుకాణాల్లోనూ పొడి లేకుండానే సీసాలు నింపించాడు. చప్పటి కల్లు అమ్మితే పోయేది నాలుగు రోజుల గిరాకీ. పొడితో దొరికితే పోయేది లైసెన్సు. లెక్క సరిగ్గానే వేశాననుకున్నాడు. పొడికి అలవాటుపడ్డ ఒళ్లు ఏమంటుందో ఆ లెక్కలో లేదు.

హన్మాండ్లు చేతులు జాలీ మీద టకటకలాడాయి. కనుగుడ్లు పైకి పోయాయి. మనిషి కట్టెలా బిగుసుకుని వెనక్కి పడ్డాడు. కాళ్లు నేలకు కొట్టుకుంటున్నాయి. నోటివెంట నురగ.

"సంపిండ్రా! సేటు మనిషిని సంపిండు!"

"చేతుల ఇనుము పెట్టుండ్రి! ఆటో పిలువుండ్రి, దవాఖానకు!"

నలుగురు వాడిని మోసుకుని ఆటో వైపు పరుగెత్తారు. మిగిలినవాళ్లు జాలీ వైపు తిరిగారు. వాళ్ల చేతులూ వణుకుతున్నాయి. సిద్దిరాములు షట్టరు కిందికి లాగి, వెనక తలుపులోంచి ఇంట్లోకి వచ్చిపడ్డాడు. ఇల్లు దుకాణానికి ఇరవై అడుగులు.

గడియ పెట్టాడు. షట్టరు మీద రాళ్లు పడుతున్న చప్పుడు. మంచినీళ్ల చెంబు అందుకుంటే చేతిలోంచి జారిపోయింది. చలికాలం పొద్దున కూడా అంగీ చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. భయం మనిషిని ఇంత పని చేస్తుందని నలభై ఆరేళ్లలో ఆయనకు తెలియదు.

తలుపు చప్పుడైంది. సిద్దిరాములు మూలనున్న గునపం అందుకున్నాడు.

"నేనే సేటూ, చంద్రయ్యను."

ప్రాణం లేచివచ్చింది. తలుపు సందు చేసి ముసలాయనను లోపలికి లాగి మళ్లీ గడియ పెట్టాడు. చంద్రయ్య చేతిలో రోజూ తెచ్చే కల్లు కుండ ఉంది. తను అమ్మే కల్లును సిద్దిరాములు నోట పెట్టడు. ఆయన తాగేది చంద్రయ్య ఈతచెట్టెక్కి దించి తెచ్చే కల్లే.

"పొయ్యి జల్ది, చంద్రన్నా. గుండె దడదడ కొట్టుకుంటుంది."

చంద్రయ్య గ్లాసులో పోశాడు. సగం కల్లు సిద్దిరాములు ఛాతీ మీద ఒలికింది. ముసలాయన ఆ చేతుల వైపే చూస్తున్నాడు.

"గట్ల వణుకుతున్నవేంది సేటూ?"

"భయం గాక ఏంది? బయట ఇనవడుతలేదా? హన్మాండ్లు సస్తే నన్ను గీడనే బొంద పెడ్తరు."

"రాత్రి నిద్ర వట్టిందా?"

"నిద్రనా? రెండు రాత్రులాయె. డాక్టరు లెక్క సవాళ్లు అడుగుతవేంది, పొయ్యి!"

ఇంకో గ్లాసు ఖాళీ చేసి కళ్లు మూసుకుని నాలుక చప్పరించాడు. "గిదీ కల్లంటే. చెట్టు పసరు వాసన సూడు. గా గాడ్దులకు రుచి ఏం ఎర్క? పొడి మరిగిన నోట్ల అమృతం పోసినా కుడితే అంటరు."

కిటికీ అద్దం భళ్లున పగిలింది. సిద్దిరాములు గోడకు అతుక్కుపోయాడు. ఆ భయంలోనూ వ్యాపారి బుర్ర ఆగలేదు.

"చంద్రన్నా, నీ కల్లే అందరికి పోద్దాం. నాలుగొద్దులు ఫుకట్‌ల పోస్త. అసలు కల్లు కడుపుల వడ్తె వాళ్లే సల్లవడ్తరు. ఎన్ని చెట్లు గీస్తున్నవ్?"

చంద్రయ్య కుండను పక్కన పెట్టాడు.

"ఇరువై ఉంటయా? ముప్ఫయా? చెప్పవేందయ్యా, షట్టరు ఇరగ్గొడ్తున్నరు!"

చంద్రయ్య నేల మీద చతికిలబడ్డాడు. "తంతే తన్ను సేటూ. చెట్లు లేవు."

"లేవంటే?"

"కాలువ కింద అంత చెరుకు ఏసిండ్రు. ఈతలన్ని కొట్టేసి మూడేండ్లాయె. నాకున్న గిరాకి నువ్వొక్కనివే. నువ్వు గూడ పోతే ఎట్ల బతుకుడని..."

సిద్దిరాములు గ్లాసు వాసన చూశాడు. "మరి గీ పసరు?"

"నాలుగు ఈతాకులు నలిపి ఏస్తున్న."

"దేంట్ల ఏస్తున్నవ్?"

చంద్రయ్య లేచి, గడగడలాడుతున్న ఆ రెండు చేతులనూ గట్టిగా పట్టుకున్నాడు.

"ముందుగాల లే సేటూ, హన్మాండ్లును తీస్కవోయిన దవాఖానకే పోదాం. మూడేండ్ల సంది నువ్వు తాగుతున్నది రైలుగేటు కాడి నీ రెండో దుకాణం కల్లే."