నోట పలకని పేరు

“అంకుల్, మీరు హెల్ప్ చేయకూడదు. ఆంటీనే చెప్పాలి,” అంది లాయర్ కృతి.

విశ్వనాథ్ సరేనని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. పక్క కుర్చీలో భార్య బాలమణి, పరీక్షకొచ్చిన పిల్లలా బుద్ధిగా కూర్చుంది.

ఆమెది మతిమరుపు జబ్బని మార్చిలో తేలింది. ఇంటికీ బ్యాంకుకీ ఆమె బదులు ఆయన సంతకం పెట్టేలా పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోవాలని తాముండే ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ ఆఫీసుకి వచ్చారు.

“రేపు ఆంటీకి ఏమీ గుర్తులేకపోయినా ఈ పేపర్ చెల్లుతుంది అంకుల్. కానీ సైన్ చేసే రోజు మాత్రం తెలిసుండాలి. ఏం ఇస్తున్నారో, ఎవరికి ఇస్తున్నారో. లేదంటే నేను చేయించలేను. ఇక కోర్టే. జడ్జి ఎవర్ని పెడితే వాళ్లే ఆంటీ సంగతి చూస్తారు.”

ఎవర్ని పెడితే వాళ్లు. విశ్వనాథ్ తన కుర్చీని భార్య దగ్గరికి జరుపుకున్నాడు.

“ఆంటీ, ఈ పేపర్‌తో ఏం ఇస్తున్నారు?”

“నా బదులు సంతకం పెట్టే హక్కు.”

“సూపర్! ఎవరికి?”

“మా ఆయనకి.”

“ఆయన పేరు?”

బాలమణి నోరు తెరిచింది. మూసింది. కొంగు వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది.

కృతి పెన్ను కింద పెట్టింది. తలుపు దగ్గర సాక్షులుగా నిలబడ్డ ఆఫీసు అమ్మాయిలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

విశ్వనాథ్ పెద్దగా నవ్వేశాడు.

“భలేదానివమ్మా! మా తరం ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో చెబుతారా? ఆయుష్షు తగ్గుతుందని పట్టింపు.”

“ఓ మై గాడ్! మా అమ్మమ్మ కూడా అంతే అంకుల్! తాతయ్య పేరు అడిగితే గోడమీద ఫొటో చూపించేది.”

“మరి! అంతా ఒకే బడి పిల్లలు.”

“అయితే ఆంటీ, మీరు కూడా చూపించండి చాలు.”

గదిలో మగవాడు ఆయనొక్కడే. బాలమణి ఒకసారి చుట్టూ చూసి, వేలెత్తి చూపించింది.

సంతకం అయింది. సాక్షులు సంతకాలు పెట్టారు. నోటరీ ముద్ర పడింది.

“హౌ స్వీట్!” కృతి తలుపు దాకా వచ్చింది. “ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు పాటిస్తున్నారు అంకుల్? యూ ఆర్ సో లక్కీ.”

విశ్వనాథ్ తలూపాడు.

పార్కింగ్‌లో భార్యకి సీటు బెల్టు పెట్టాడు. కారు స్టార్ట్ చేశాడు.

నలభై ఒక్కేళ్ల కాపురంలో బాలమణి ఆయన్ని ‘విశ్వం’ అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగదు.