మెట్లు దిగడం నేరం కాదు

"కదిలావంటే కాల్చేస్తా," అన్నాడు కెప్టెన్, పదోసారి.

బట్టలారేసే తాడుతో స్తంభానికి కట్టేసిన మనిషి ఎలా కదులుతాడో పార్కింగులో నిలబడ్డవాళ్లెవరికీ అర్థం కాలేదు.

కెప్టెన్ ఏ సైన్యంలోనూ పనిచేయలేదు. తూనికల శాఖలో ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసి, రిటైరయ్యాక అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షుడయ్యాడు. మెడలో ఈల వేసుకుని, బండి వంకరగా పెట్టిన ప్రతివాడి మీదా ఊదుతూ తిరుగుతుంటే పిల్లలు పెట్టిన పేరది. అది వెక్కిరింపని ఆయనకు తెలియదు. బిరుదనుకున్నాడు.

ఆ ఉదయం పదింటికి కొత్త మనిషొకడు సంచీ భుజాన వేసుకుని మూడో అంతస్తు నుంచి దిగుతూ ఆయన కంటపడ్డాడు. ఆ అంతస్తు వాళ్లు ఊరికి వెళ్తూ, ఇల్లు కాస్త చూస్తుండమని ఆయనకే చెప్పి వెళ్లారు. కెప్టెన్ ఇంట్లోకి పరిగెత్తి తుపాకీ తెచ్చాడు. దాన్ని చూడగానే ఆ మనిషి రెండు చేతులూ పైకెత్తాడు. ఎత్తాక కూడా తుపాకీ వెనక కొయ్యతో అతని భుజం మీద ఒక్కటేశాడు. చొక్కా చిరిగింది. సంచీ లాక్కుని తన కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"గీజరు బాగుచేసేవాణ్ణి సార్. రమ్మన్నారని వచ్చా. తాళం ఉంటే తిరిగి పోతున్నా," అని అతను అప్పటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు.

"పోలీసులకి ఫోన్ చేయమంటారా సార్?" అడిగాడు వాచ్‌మన్.

"ముందు టీవీ వాళ్లు రానీ. పోలీసులొచ్చారంటే మేమే పట్టుకున్నామంటారు."

"పోనీ పైకెళ్లి ఆ తలుపు చూసి రానా?"

"నువ్వు గేటు చూడు చాలు. వీడు లోపలికొచ్చింది నీ ముందునుంచే."

వాచ్‌మన్ తల దించుకున్నాడు. కెప్టెన్ తుపాకీని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చి, ఏ భుజం బాగుందని పక్కనే ఉన్న భార్యనడిగాడు.

పదకొండున్నరకు గేటు తోసుకుని నల్లకోటు వేసుకున్న ఒకామె ఫైలుతో లోపలికి వచ్చింది. నాలుగో అంతస్తులో క్లయింటు దగ్గర సంతకాలు తీసుకోవాలంది. స్తంభం దగ్గర ఆగింది.

"ఏంటిది?"

"దొంగ. నేనే పట్టుకున్నాను," అన్నాడు కెప్టెన్ ఛాతీ విరుచుకుని.

"దొంగతనం చేస్తుంటే కళ్లారా చూశారా?"

"మెట్లు దిగుతుంటే చూశాను."

"మెట్లు దిగడం నేరం కాదండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. కెప్టెన్ ఈల సర్దుకున్నాడు.

"మామూలు మనిషి కూడా దొంగని పట్టుకోవచ్చమ్మా. చట్టం ఒప్పుకుంటుంది. నేను చదివాను."

"సగమే చదివారు. నేరం మీ ఎదుట జరగాలి. పట్టుకున్న వెంటనే పోలీసులకి అప్పగించాలి. ఎప్పుడు పట్టుకున్నారు?"

"పదింటికి."

"గంటన్నరయింది. స్టేషను రెండు వీధుల అవతలే ఉంది. ఇన్నాళ్లూ నడకకి రోజూ అటే వెళ్లుంటారు కూడా. ఇతని చేతిలో కత్తేమైనా ఉందా?"

"లేదు."

"మరి ఆ భుజం ఎందుకు కమిలింది?"

కెప్టెన్ తుపాకీని వెనక్కి దాచుకున్నాడు.

"తుపాకీకి లైసెన్సుందా?"

"భేషుగ్గా ఉంది."

"ఏ పని మీద ఇచ్చారు?"

ఆయన పైకప్పు వైపు చూశాడు. భార్యే చెప్పింది. "అడవిపందుల కోసమండీ. తోటలో పడి పాడుచేస్తుంటే ఇచ్చారు."

"తోట ఎక్కడ?"

"అమ్మేసి నాలుగేళ్లయింది."

"నువ్వు లోపలికి పో," అన్నాడు కెప్టెన్. ఆవిడ పోలేదు.

వకీలమ్మ ఫైలు చంకలో పెట్టుకుంది. "అంటే లేని తోటలో లేని పందుల కోసం దాచుకున్న తుపాకీని చేతులెత్తిన మనిషి మీద గురిపెట్టారు. కొట్టారు. కట్టేశారు. ఇంతమంది సాక్షులు. లైసెన్సు పోవడం చిన్న సంగతి సార్, లోపల కూర్చోబెడతారు. సరే, ఆలస్యం చేయకండి. పోలీసులకి ఫోన్ చేయండి. నన్ను చేయమంటారా?"

ఆమె ఫోన్ తీసింది. కెప్టెన్ తుపాకీని భార్య చేతిలోకి తోసి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా, తొందరేముంది. ఈ సంచీ తెరిచి చూస్తే తేలిపోతుందిగా."

"తెరవండి. ఏదైనా దొరికితే మీరే పెట్టారంటాడు. ఇంతసేపూ అది మీ దగ్గరేగా ఉంది."

సంచీ మీదికి వెళ్లిన చెయ్యి వెనక్కి వచ్చింది.

"మీ ఇష్టం. నాకు కోర్టుకి టైమవుతోంది, సంతకాలు సాయంత్రం తీసుకుంటా," అని ఆమె వచ్చిన దారినే వెళ్లిపోయింది.

గుంపు మెల్లగా పలచబడింది. సాక్ష్యానికి పిలుస్తారేమోనని ఒక్కొక్కరికీ ఇంట్లో పని గుర్తొచ్చింది. కెప్టెన్ స్వయంగా కట్లు విప్పాడు. గంటన్నరపాటు "ఒరేయ్" అన్న నోటితో "బాబూ" అన్నాడు, తర్వాత "మీరు" అన్నాడు. తన ఇస్త్రీ చొక్కా తెప్పించి తొడిగించాడు.

"నామీద కేసూ గీసూ పెట్టకండి. పెద్దవాణ్ణి."

"నాకెందుకండీ ఆ గొడవలు," అన్నాడతను భుజం రుద్దుకుంటూ.

"బరువుగా ఉంది, ఆగండి." కెప్టెన్ మూలుగుతూ సంచీ ఎత్తి అతని మంచి భుజానికి తగిలించాడు. గేటు కూడా తనే తీశాడు.

టీవీ వాళ్లు ఫోన్ చేస్తే దొంగా లేడు, ఏమీ లేదని పెట్టేశాడు. వాచ్‌మన్ నోరు తెరవబోతే వేలు చూపించాడు.

ఆ మనిషి స్టేషను వైపు తిరుగుతాడేమోనని గేటు పట్టుకుని బయటికి తొంగి చూశాడు. అతను తిరగలేదు. తిన్నగా నడిచాడు.

వీధి మలుపులో వకీలమ్మ స్కూటరు స్టార్ట్ చేసుకుని అతని కోసం ఎదురుచూస్తోంది.