తాతకో పొగడబ్బీ

"ఏవయ్యో, కండువా! తాత కండువా!"

పెళ్ళాం చోనా కేకకి గాస్పర్ బాగుచేస్తున్న ఫోనుని బల్లమీదే వదిలేసి ముందుగదిలోకి పరుగెత్తాడు. తాత నోట్లో సిగరెట్ పొడుగునా బూడిదైపోయింది. చివరి నిప్పు కాస్తా రాలి, మెళ్ళో ఉన్న పట్టు కండువా అంటుకుంది. అప్పటికే చోనా చెంబుడు నీళ్ళు గుమ్మరించేసింది. తాత నిలువునా తడిశాడు, కిక్కురుమనలేదు.

"ఇది మూడోది," అంది చోనా రొప్పుతూ. "వెదురు తడికెల కొంప. తాతకి నిప్పంటుకుంటే ఊళ్ళో మొహమెలా చూపిస్తాం?"

"ఒక్క నిమిషం పక్కకెళ్ళానే!"

"తాతని చూసుకోవడమంటే ఆ ఒక్క నిమిషం కూడా వెళ్ళకపోవడమే. మీ నాన్న వంతులో ఒక్క నూలుపోగు కాలిందా?"

ఆ మాట గాస్పర్‌కి సూదిలా గుచ్చుకుంది. తాతని ఏడాదికొక ఇల్లు చూసుకోవడం ఆ సరస్సు ఒడ్డు ఊళ్ళో పెద్దల నాటి కట్టుబాటు. తన వంతు కోసం అతను పదకొండేళ్ళు ఎదురుచూశాడు. తాతను చూసిపోవడానికి పొద్దస్తమానం జనం వస్తారు. వచ్చినవాళ్ళ చేతిలో సిగరెట్ పెట్టె, చంకలో సారా సీసా. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా తాత మధ్యలో అడ్డు తగలకుండా వింటాడు, అందుకే ఊరికి ఆయనంటే అంత ప్రాణం. ఒక సిగరెట్ అవగానే ఇంకోటి వెలిగించి నోట్లో పెట్టాలి, బూడిద దులుపుతూ ఉండాలి. ఆ పని తాత తనంతట తను ఏనాడూ చేసుకోలేదు.

కబురు వంతులు చూసే పెద్ద ఎస్తెబాన్‌కి చేరింది. ఆయన వచ్చి, కాలిన అంచుని వేళ్ళతో నలిపి చూశాడు.

"ఆదివారం దాకా చూస్తానురా గాస్పర్. తర్వాత నా చేతిలో ఏం లేదు. తాత తర్వాతి వంతున్న పెత్రోనా ఇంటికి వెళ్ళిపోతాడు."

"ఆవిడప్పుడే గది కడిగి పెట్టుకుందిట బాబాయ్," అంది చోనా ఏడుపు ఆపుకుంటూ.

ఎస్తెబాన్ వెళ్ళాక గాస్పర్ చాలాసేపు తాత వంకే చూశాడు.

"చోనా, తాత చేత సిగరెట్ మాన్పిస్తా."

"నీకేమైనా మతి పోయిందా? ఊరు ఊరంతా కర్రలు పట్టుకొస్తారు!"

"పొగ మానడే. నిప్పు మానేస్తాడు."

పట్నం కుర్రాళ్ళు పీల్చే వేప్, అదే బ్యాటరీ సిగరెట్, లాంటిది తనే చేద్దామనుకున్నాడు. పిప్పరమెంట్ల రేకు డబ్బీ ఒకటి ఖాళీ చేశాడు. పాత టార్చిలోంచి బ్యాటరీ తీశాడు. సన్నటి తీగని చుట్టలా చుట్టి మధ్యలో దూది పెట్టాడు. తాతకి అలవాటైన వాసన పోకూడదని గ్లిజరిన్‌లో పొగాకు నానబెట్టాడు.

మొదటి డబ్బీ చూసి చోనా నవ్వాపుకోలేకపోయింది. "ఇంత బరువు నోటికి తగిలిస్తే తాత పెదవి ఊడొస్తుంది!"

రెండోది చిన్నదే కానీ పెనంలా కాలింది. నిప్పు తప్పించబోయి నిప్పే చేశావంటూ ఆవిడ దాన్ని పట్టకారుతో పెరట్లో పారేసింది. మూడోది సబ్బుబిళ్ళంత కుదిరింది. కండువాల మాటున దాచేయొచ్చు. అక్కణ్ణించి నోటిదాకా సన్నటి గొట్టం, దాని చివర సిగరెట్ లాంటి పుల్ల.

"అంతా బానే ఉంది," అంది చోనా. "మరి పీలిస్తే కదా పొగొచ్చేది? తాత పీలుస్తాడా?"

గాస్పర్ నాలిక్కరుచుకున్నాడు. సిగరెట్టయితే దానంతటదే కాలుతుంది. మళ్ళీ డబ్బీ విప్పాడు. పాడైన ల్యాప్‌టాప్‌లోని పలచటి ఫ్యాను పీకి, పొగని బయటికి తోసేలా అందులో ఇరికించాడు.

ఆదివారం ఎస్తెబాన్ వెనకాల సగం పేట వచ్చింది. అందరికంటే ముందు పెత్రోనా, చేతిలో కొత్త కండువాతో. గాస్పర్ మీట నొక్కాడు. డబ్బీ గురగురమంది. ఏమీ రాలేదు. చోనా కళ్ళు మూసుకుంది. అంతలో తాత పెదాల మధ్యనుంచి తెల్లటి పొగ మెల్లగా బయటికొచ్చింది.

"నిప్పేదీ? చివర ఎర్రగా లేకపోతే అదేం సిగరెట్టు?" అంది పెత్రోనా.

ఎస్తెబాన్ దగ్గరికెళ్ళి ముక్కు ఎగబీల్చాడు. "పొగాకే," అన్నాడు. తర్వాత టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "తాతా, నీకిష్టం లేకపోతే చెప్పు. ఇప్పుడే తీయించేస్తా."

తాత ఇంకో గుక్క పొగ వదిలాడు.

"వద్దనలేదు!" అంది చోనా.

ఎస్తెబాన్ పగలబడి నవ్వాడు. "అరవయ్యేళ్ళుగా చూస్తున్నా, ఆయన దేనికి వద్దన్నాడు గనక! ఏడాది నిండేదాకా ఇక్కడే ఉంటాడు పో."

గాస్పర్ తాత కాళ్ళకి దణ్ణం పెట్టేశాడు. పెత్రోనా మూతి ముడుచుకుంటూనే కొత్త కండువా తాత మెళ్ళో వేసింది. చోనా తాత కాళ్ళ దగ్గరున్న నీళ్ళ చెంబు తీసి పెరట్లోకి బయల్దేరింది.

"అది ఉండనీ అమ్మాయ్," అన్నాడు ఎస్తెబాన్. "మీ ఆయన అతికిన తీగల మీద నాకంత నమ్మకం లేదు."

చోనా నవ్వుకుంటూ చెంబుని మళ్ళీ తాత కాళ్ళ దగ్గరే పెట్టింది.

ఎంత దేవుడైనా, తాతను చెక్కింది ఎండుకొయ్యతోనే మరి.