నోట రాని పేరు

"మీ ఆయన పేరేంటో చెప్పండమ్మా," అని డాక్టర్ సుష్మ రెండోసారి అడిగింది. సత్తమ్మ తల దించుకుని కొంగు మెలిపెట్టింది.

నాచారంలో వాళ్ళ కాలనీ కమ్యూనిటీ హాలు పక్కగదిలో పెద్దవాళ్ళకు జ్ఞాపకశక్తి పరీక్షలు జరుగుతున్నాయి. ఆడవాళ్ళకు బస్సు ఉచితమన్నప్పటి నుంచి సత్తమ్మకు ఇంట్లో కాలు నిలవడం లేదు. ఒకరోజు లాలాపేట, ఒకరోజు మౌలాలి. మొన్న కిటికీ పక్క సీటు దొరికిందన్న సంబరంలో తప్పు బస్సెక్కి చర్లపల్లిలో తేలింది. దాంతో కొడుకు దయాకర్ హడలిపోయాడు. జ్ఞాపకశక్తి బాగుందని డాక్టరమ్మ అంటేనే బస్సు, లేదంటే గేటు దాటేది లేదని తేల్చేసి, తల్లినీ తండ్రినీ వెంటబెట్టుకొచ్చాడు. తండ్రి మాత్రం వచ్చీ రాగానే మూల కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

పరీక్ష అంతంతమాత్రంగానే సాగింది. తేదీ అడిగితే సత్తమ్మ పంచమి అంది. నిజమే, కానీ డాక్టరమ్మ కాగితంలో పంచమికి మార్కు లేదు. గడియారం బొమ్మ వేయమంటే, టైము చూడ్డం వచ్చుగానీ బొమ్మ వేయడం తనకెవరు నేర్పారని ఎదురు అడిగింది. ఇక మిగిలింది ఈ ఒక్క ప్రశ్నే. చెబితే గట్టెక్కుతుంది, లేకపోతే బస్సు పోయినట్టే.

"మా అమ్మ మా బాపును పేరు పట్టి పిలువది మేడం," అన్నాడు దయాకర్.

ఆ ఆనవాయితీ తనకూ తెలుసనీ, అయినా ఆవిడ నోటితో చెప్తేనే మార్కు వేయాలనీ సుష్మ అంది.

పాపం సత్తమ్మ. పెళ్ళినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి బలవంతాన చెప్పించిన పేరది. మళ్ళీ ఎన్నడూ నోట రానివ్వలేదు. ఇంట్లో 'ఇగో' అంటే పనైపోయేది, బయట 'దయాకర్ వాళ్ళ నాయిన'. ఇప్పుడు మొగుడి పేరా, కిటికీ పక్క సీటా? పుస్తెలు కొంగులోంచి పైకి తీసి కళ్ళకద్దుకుంది.

"అయిలయ్య," అంది, కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడిపోతూ.

సుష్మ కాగితం చూసింది. భర్త పేరు రామస్వామి అని ఉంది. దయాకర్ మొహం పాలిపోయింది.

"బాపు పేరు రామస్వామి గదనే అమ్మా. అయిలయ్య ఎవలు?"

సత్తమ్మ అయోమయంగా చూసింది. తను చెప్పిందే నిజమంది. ఇంత కష్టపడి చెప్పినా తప్పంటారేమని ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. ఇకమీదట ఒంటరిగా పంపవద్దనీ, స్కానింగ్‌కు రాసిస్తాననీ మెల్లగా చెప్పి సుష్మ పెన్ను అందుకుంది.

మూల కుర్చీలోని పెద్దాయన దిగ్గున లేచాడు. తలుపు దగ్గరగా వేశాడు. అటూ ఇటూ చూసి డాక్టరమ్మ వైపు వంగాడు.

"ఆమెకు ఏ మతిమరుపు లేదు బిడ్డా. అయిలయ్యను నేనే, రామస్వామి అంటే సచ్చిపోయిన మా అన్న, ఆయన బడి సర్టిఫికెట్ మీద, ఆయన పేరుతోనే నేను కంపెనీల నౌకరి జేసిన."