ఇసుకబస్తా

"మళ్ళీ పొడిచిందమ్మా," అన్నాడు స్ట్రెచర్ మీద పడుకున్న మనిషి.

అంబులెన్సు ఆగింది. ముందు సీట్లో ఉన్న చీఫ్ డిజైనర్ వెనక్కి తిరిగి చూడనైనా లేదు. ఒళ్ళోని ల్యాప్‌టాప్‌లో కుదుపు చూపించే గీత తిన్నగా ఉంది.

"మీటరుకి తెలియనిది మీ నడుముకి తెలిసిందా?"

"దానికి నడుము లేదు కదమ్మా."

డ్రైవరు కిసుక్కున నవ్వాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

ఆ కరెంటు అంబులెన్సుకి గేర్‌బాక్సు ఆవిడ చేతి పని. ఉన్నవి రెండే గేర్లు. మొదటిది వదిలి రెండోది అందుకునేటప్పుడు నూనె ఒత్తిడితో క్లచ్ బిగుస్తుంది. ఒత్తిడి గబుక్కున పెరిగితే బండి కుదుపుతుంది. మరీ నెమ్మదిస్తే క్లచ్ జారి మాడిపోతుంది. ఆ రెంటికీ మధ్య సన్నటి దారి పట్టుకోవడానికి ఏళ్ళ తరబడి తల బద్దలుకొట్టుకుంది. ఇప్పుడు ఎవడో పనీపాటా లేనివాడు వచ్చి వంకలు పెట్టడమా!

మొదట స్ట్రెచర్ మీద బరువుకి ఇసుకబస్తాలు వేసేవారు. "కొనేది మేం కదా, మా మనిషిని పడుకోబెట్టి చూడండి," అని ఆసుపత్రివాళ్ళు పట్టుబట్టి ఈయన్ని పంపారు. ఆవిడ ఆయనకి 'బస్తాగారు' అని పేరు పెట్టింది. మొహం మీదే అలా పిలిచేది. ఆయన పలికేవాడు.

ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. దిగాలన్నా ఇద్దరే. పెళ్ళికొడుకు మర్యాదలు!

"పడుకోవడం కూడా ఒక ఉద్యోగమేనా?" అని ఓసారి అడిగేసింది.

"ఇప్పుడు నాకు చేతనైన పని అదొక్కటేనమ్మా."

సిగ్గులేని మనిషి, అనుకుంది.

ఆయన చెప్పినప్పుడల్లా సణుక్కుంటూ ఒత్తిడి మార్చేది. "మొన్నటికంటే నయం," అనేవాడు. వెంటనే, "ఇంకొంచెం తగ్గాలి," అనేవాడు. ఆ 'ఇంకొంచెం' వింటే చాలు, ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కేది.

"ఇంకా తగ్గిస్తే క్లచ్ కాలుతుంది. మీకు అర్థం కాదులెండి. రేపటి నుంచి రావద్దు. బస్తాలైతే నోరు మూసుకుని పడుంటాయి."

"దాదాపు దొరికేసిందమ్మా. ఇంకొక్కసారి వస్తాను."

"డ్రైవర్, తలుపు తియ్యి."

ఇద్దరు పట్టుకుని దింపారు.

బస్తాలతో బండి అన్ని పరీక్షలూ నెగ్గింది. చప్పట్లు కొట్టారు. ఆవిడ ఫొటో గోడకెక్కింది.

కొన్నాళ్ళకే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. గేరు మారినప్పుడల్లా కొందరు రోగులు కేక పెడుతున్నారట.

ఆవిడే వెళ్ళి స్ట్రెచర్ మీద పడుకుంది. ఏమీ తెలియలేదు. డ్రైవర్ని పడుకోబెట్టింది. నిద్ర పట్టేలా ఉందన్నాడు. మీటరు గీత తిన్నగానే ఉంది.

ఇక దారిలేక, పళ్ళు నూరుకుంటూ హెడ్ నర్సుకి ఫోన్ చేసింది.

"ఆ బస్తా... అదే, స్ట్రెచర్ మీద పడుకునే మీ మనిషి. రేపోసారి పంపండి."

"ఆయన పోయారు మేడమ్."

"ఎక్కడికి? ఆ మాత్రం ఉద్యోగం కూడా నిలబెట్టుకోలేకపోయాడా?"

"ఆయన ఉద్యోగి కాదు మేడమ్, మా చివరి రోజుల వార్డులో రోగి. క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. తనంతట తనే అడిగి మీ దగ్గరికి వచ్చేవారు. మీ బండెక్కే రోజు మాత్రం నొప్పి మందు వద్దనేవారు, అది వేసుకుంటే కుదుపు సరిగ్గా తెలియదని."