పదమూడు బుధవారాల క్యారమ్స్

“స్ట్రైకరు మీద వేలు పెట్టాక ఆలోచించకూడదబ్బాయ్. బండి కదిలాక టికెట్టు అడిగితే ఎవరిస్తారు?” అంది టీసీ అమ్మ.

అబ్బాయి కొట్టాడు. రెడ్డు బిళ్ల గుంత అంచుదాకా వెళ్లి, లోపలికి తొంగిచూసి ఆగిపోయింది. ఆమె గలగలా నవ్వి ఒక్క దెబ్బతో దాన్ని లోపలికి పంపింది. దాని వెంట పడాల్సిన ఫాలో బిళ్ల కూడా వేసేసింది.

“పదమూడో బుధవారం కూడా ఓటమే!” అని చాటింపు వేశాడు, పక్కన కూర్చుని పాయింట్లు రాస్తున్న సంగీతం మాస్టారు.

ముప్ఫై ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసిన మనిషి కాబట్టి ఆ వృద్ధాశ్రమంలో అందరికీ ఆమె టీసీ అమ్మే. అబ్బాయి వాలంటీరు. బుధవారం బుధవారం వచ్చి, పెద్దవాళ్లతో ఆటలాడి, కబుర్లు చెప్పి వెళ్తాడు. అతను అక్కడ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అతను టీసీ అమ్మ మనవరాలి మొగుడు.

తల్లిలేని ఆ పిల్లను ఆమే పెంచింది. ఆ పిల్ల చెప్పాపెట్టకుండా రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుని, ఆ తర్వాత ఫోన్ చేస్తే, “వాడి మొహం నాకు చూపించకు” అని టీసీ అమ్మ టక్కున పెట్టేసింది. ఆపైన ఎవరి పంచనా ఉండనంటూ తన పింఛనుతో ఈ ఆశ్రమంలో చేరింది. కంచం ముందు కూర్చున్నప్పుడల్లా “అమ్మమ్మ తిన్నదో లేదో” అనేది భార్య. ఆ మాట వింటే అతనికి ముద్ద దిగేది కాదు. చివరికి ఉపాయం కూడా భార్యే చెప్పింది.

“నువ్వెవరో చెప్పకుండా వెళ్లి ఆడు. నాలుగు రోజులు నీతో మాట్లాడితే మెత్తబడుతుంది. లిఫ్టు అన్న మాట ఎత్తావో, అంతే సంగతులు!”

అతను లిఫ్టు మెకానిక్కు మరి.

“మా మనవరాలి మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడట,” బిళ్లలు పేరుస్తూ ఎప్పటిలాగే మొదలుపెట్టింది టీసీ అమ్మ. “పైకెళ్తాడు, కిందికొస్తాడు. ముందుకెళ్లేదెప్పుడు?”

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వాడు.

“నువ్వు చెప్పబ్బాయ్, అలాంటివాణ్ని ఏమనాలి?”

“వెధవ అనాలండి.”

“ఒట్టి వెధవేనా?”

“శుద్ధ వెధవండి.”

“అదీ మాట! పిల్లను తీసుకుపోయినవాడు ఒక్కసారి నా ఎదుటికొచ్చి నిలబడ్డాడా? టికెట్టు లేనివాడు బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నట్టు దాక్కున్నాడు.”

అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. అయినా మనసులో చిన్న ఆశ. పోయిన వారం ఆమె తన వాటా బిస్కెట్లు అతని చేతిలో పెట్టింది. అంతకు ముందు వారం “సన్నబడ్డావేంట్రా” అంది. ఇంకో రెండు బుధవారాలు తిట్లు తింటే పని అయిపోతుంది.

కళ్లజోడు పైన మరిచిపోయానంటూ మాస్టారు లేచి లిఫ్టెక్కాడు. నిమిషం తిరక్కుండా ధన్‌మని చప్పుడు.

“ఎవరైనా ఉన్నారా? త్రిశంకుణ్ణయిపోయాను!” లోపలినుంచి కేక.

మేనేజరమ్మ పరుగున వచ్చి కంపెనీకి ఫోన్ చేసింది. “రెండు గంటలు పడుతుందట, మాస్టారూ!”

“రెండు గంటలా? నాకు అరగంటకోసారి బాత్రూముకెళ్లాలమ్మా తల్లీ!”

అందరూ నవ్వారు, ఒక్క అబ్బాయి తప్ప. ఆ చప్పుడు వినగానే లిఫ్టు జబ్బేమిటో అతనికి తెలిసిపోయింది. లేస్తే పదమూడు వారాల తపస్సూ గంగలో కలిసినట్టే.

“అటేం చూస్తావ్? నీ ఆట, కొట్టు,” అంది టీసీ అమ్మ.

అతను స్ట్రైకరు మీద వేలు పెట్టాడు. తీసేశాడు. లేచాడు.

“మేనేజరుగారూ, పైన మోటారు గది తాళం ఇవ్వండి. మాస్టారూ, తలుపు ముట్టుకోకండి. గోడకానుకుని ఓ పాట ఎత్తుకోండి.”

“ఏ రాగం నాయనా?”

“మీకు భయం వెయ్యనిది!”

పైకెళ్లి కరెంటు ఆపాడు. బ్రేకు వదులుచేసి, చక్రాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పి లిఫ్టును అంతస్తుకి సరిగ్గా తెచ్చాడు. కిందికొచ్చి తలుపు తీశాడు. మాస్టారు చెయ్యి ఊపుతూ బయటికొచ్చాడు.

“చరణంలోకి రాకముందే తీసేశావేమిట్రా, ఇప్పుడిప్పుడే గొంతు పలుకుతోంది!”

హాలంతా చప్పట్లు. అబ్బాయి మాత్రం తిన్నగా వచ్చి టీసీ అమ్మ ఎదుట నిలబడ్డాడు.

“చేతులకదేంటి?”

“గ్రీజండి.”

“ఆఫీసులో పనన్నావే?”

“అబద్ధమండి. లిఫ్టు మెకానిక్కుని. మీరు తిడుతున్న శుద్ధ వెధవని నేనే.” గ్రీజు చేతులే జోడించాడు. “పెళ్లినాడే మీ ఎదుటికి రావాల్సింది. భయపడ్డాను, తప్పే. నన్ను రావద్దంటే రాను. తనని మాత్రం ఒక్కసారి రానివ్వండి, అమ్మమ్మా.”

చప్పట్లు ఆగిపోయాయి. టీసీ అమ్మ అతని ముఖంలోకి తేరిపార చూసింది. చేతిరుమాలు తీసి అతని వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది. తర్వాత ఫోన్ అందుకుంది.

“కొంపదీసి పోలీసులకా?” గొణిగాడు మాస్టారు.

ఆమె నంబరు నొక్కింది. చెవి సరిగా వినపడదు కాబట్టి స్పీకరు నొక్కింది. ఒక్క రింగుకే అవతల ఎత్తారు. అబ్బాయికి బాగా తెలిసిన గొంతు.

“ఈ బుధవారమైనా చెప్పాడా, అమ్మమ్మా?”